రాసిపెట్టడం అపనమ్మకం కాదు

జనాజా నమాజుకు వరుసలు కట్టిన తర్వాత మరణించినవారి కొడుకో తమ్ముడో ముందుకొచ్చి, "మా నాన్నగారు ఎవరికైనా బాకీ ఉంటే చెప్పండి, మేము తీరుస్తాం" అని ప్రకటించడం మనం చూస్తూనే ఉంటాం. ఇది మంచి ఆచారం. జనాజా వచ్చినప్పుడు దైవప్రవక్త (స) మృతుని మీద అప్పు ఉందా అని విచారించేవారు. ఒక సందర్భంలో అప్పు ఉందని, దాన్ని తీర్చడానికి అతను ఏమీ వదిలి వెళ్ళలేదని తెలిసి, నమాజు మీరే చేయండని సహచరులతో అన్నారు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ అప్పుకు పూచీపడిన తర్వాతనే ముందుకొచ్చి నమాజు చేయించారు.

అయితే ఒక్కసారి ఆలోచించండి. తండ్రి అప్పులేమిటో తెలియదు కనుకనే ఆ కొడుకు పదిమందిని అడగవలసి వస్తోంది. మరి తండ్రికి రావలసిన బాకీల సంగతి ఎవరు చెబుతారు? ఇవ్వవలసినవాడు అదే వరుసలో నిలబడి మౌనంగా ఉంటే ఏం చేయాలి?

మా పట్టణంలో బావ, బావమరిది కలిసి ఒక చిన్న చెప్పుల దుకాణం నడిపేవారు. ఎన్నో ఏళ్ళ సాన్నిహిత్యం. ఒక్క కాగితం కూడా రాసుకోలేదు. బావ హఠాత్తుగా గుండెపోటుతో పోయాడు. ఇద్దత్ పూర్తికాకముందే "పెట్టుబడి అంతా నాదే, మీ ఆయన జీతానికే ఉండేవాడు" అనే మాట ఆ ఇల్లాలి చెవిన పడింది. మసాయిల్ తెలిసినవాడినని నన్ను పిలిచారు. పిల్లలున్న భార్యకు ఎనిమిదో వంతు అని చెప్పగలను. కానీ దేనిలో ఎనిమిదో వంతు? అది చూపించడానికి చిటికెడు కాగితం లేదు. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంటే నేను తలవంచుకుని వచ్చేశాను.

"అయినవాళ్ళ మధ్య కాగితాలేమిటి? నమ్మకం లేదా?" అంటారు మనవాళ్ళు. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ దేని గురించో తెలుసా? అప్పు రాసుకోవడం గురించి. బఖరా సూరాలోని 282వ ఆయత్ అది. గడువు పెట్టి ఇచ్చే అప్పును రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని, మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించవద్దని అందులో ఆదేశం. ఈ మాట మోసగాళ్ళతో చెప్పింది కాదు, విశ్వాసులతో చెప్పింది. కాగితం ఇవాళ ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరి కోసం కాదు. వారిలో ఒకరు లేని రోజు కోసం.

ఇక మన దేశ చట్టం సంగతి. చేబదులు ఇచ్చినా, ప్రోనోటు మీద ఇచ్చినా మామూలుగా మూడేళ్ళలో దావా వేయకపోతే కాలదోషం పడుతుంది. గడువు దాటకముందే బాకీదారు బాకీ ఉన్నానని రాసి సంతకం చేస్తే మళ్ళీ మూడేళ్ళు లెక్క. తీసుకున్నవారు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి: కోర్టులో కాలదోషం పట్టినా, అల్లాహ్ సన్నిధిలో అప్పుకు కాలదోషం లేదు.

భాగస్వామ్య వ్యాపారాలకు 1932 నాటి చట్టం ఉంది. ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే ఒక భాగస్వామి మరణంతో సంస్థ రద్దవుతుంది. రిజిస్టరు కాని సంస్థ బయటి బాకీల కోసం దావా వేయడం కూడా కష్టమే. ఎవరి పెట్టుబడి ఎంత, లాభంలో వాటా ఎంత, ఒకరు పోతే లెక్క ఎలా తేల్చాలి అన్నవి ముందే రాసుకోవాలి.

బ్యాంకు ఖాతాలో పెద్దకొడుకు పేరు నామినీగా రాస్తే డబ్బంతా అతనిదేనని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. నామినీ అమీన్ మాత్రమే, మాలిక్ కాడు. బ్యాంకు నుంచి తీసుకున్న సొమ్మును వారసులందరికీ వాటాల ప్రకారం అప్పగించాలి.

మహర్ సంగతి ఇంకా బాధాకరం. తర్వాత ఇస్తానన్న మహర్ భర్త మీద అప్పు. కఫన్, దఫన్ ఖర్చుల తర్వాత అప్పులు తీర్చాలి, ఆ తర్వాత వసీయత్, చివరికే వారసుల వాటాలు. కాని మన ఇళ్ళల్లో జనాజా లేవకముందే ఏడుస్తున్న భార్య దగ్గరికి వెళ్ళి "మాఫ్ చేశానని చెప్పమ్మా" అంటారు. అంతటి దుఃఖంలో ఉన్న స్త్రీ చెప్పిన మాఫీకి ఆమె కట్టుబడనక్కర్లేదని కలకత్తా హైకోర్టు 1920లోనే తీర్పు చెప్పింది. బతికుండగా ఇవ్వడం మగవాడి పని. ఇవ్వలేకపోతే, బాకీ ఉందని రాసిపెట్టడం కనీస ధర్మం.

వసీయత్ ఆస్తిలో మూడో వంతు మించకూడదు. మిగతా వారసులు ఒప్పుకోకుండా ఒక వారసుడికి అనుకూలంగా రాస్తే చెల్లదు. నోటితో చెప్పిన వసీయత్ కూడా చెల్లుతుంది గాని, నిరూపించడం ఎంత కష్టమో కోర్టుల చుట్టూ తిరిగినవారిని అడగండి. ఇద్దరు సాక్షుల సంతకాలతో కాగితం మీద ఉంచడమే మేలు.

పాఠక సోదరులారా! ఈ రాత్రి ఇషా తర్వాత ఒక నోటుబుక్కు తీయండి. ఇవ్వవలసినవి, రావలసినవి, భార్య మహర్, మీ దగ్గర ఇతరులు దాచిన అమానతులు, దస్తావేజులు ఉన్న చోటు రాయండి. తేదీ వేసి సంతకం పెట్టండి. ఆ పుస్తకం ఎక్కడుందో ఇంటావిడకు చెప్పండి. గంటసేపు పని. ఆ గంట బద్ధకించినందుకు మన తర్వాత మన పిల్లలు ఏళ్ళ తరబడి మూల్యం చెల్లించాలా?