ముందు చెయ్యి కుదరాలి, తర్వాతే పిస్టల్



2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ రెండు కాంస్య పతకాలు గెలిచినప్పటి నుంచి పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల సంగతి అయ్యాక ఒక కొత్త ప్రశ్న వినిపిస్తోంది. "మేడమ్, పాపను షూటింగ్‌లో చేర్పిస్తున్నాం. ఏ రివాల్వర్ కొంటే మంచిది?" నేను చెప్పేది ఇంగ్లిష్ పాఠాలే. కానీ మా క్లాసు పిల్లలు కొందరు రేంజ్‌కి వెళ్తున్నారు కాబట్టి ఈ విషయం శ్రద్ధగా తెలుసుకున్నాను. నా అభిప్రాయం ఒక్కటే: మొదటి ఏడాది ఏదీ కొనకండి.

ముందు రివాల్వర్ సంగతి. సినిమాల పుణ్యమా అని చేతిలో ఇమిడే ప్రతి తుపాకీనీ మనం రివాల్వర్ అనేస్తాం. తూటాలు పెట్టిన సిలిండర్ గుండ్రంగా తిరిగేదే రివాల్వర్. పెద్దలు ఆడే 25 మీటర్ల సెంటర్ ఫైర్ పోటీలో దాన్ని వాడొచ్చు. కానీ దానికి లైసెన్స్ కావాలి, ఆయుధాల చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండి ఉండాలి. పైగా పెద్ద శబ్దం, వెనక్కి తన్నే దెబ్బ. వాటికి భయపడి కొత్తవాళ్లు ట్రిగ్గర్ నొక్కకముందే చెయ్యి బిగించేస్తారు. ఆ అలవాటు ఒకసారి పట్టుకుంటే తేలిగ్గా పోదు.

పిల్లలు మొదలుపెట్టాల్సింది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌తో. ఇది గాలి ఒత్తిడితో 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్‌ను పంపుతుంది. టార్గెట్ మీద పది పాయింట్ల వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లు, అంటే దాదాపు చొక్కా గుండీ అంత. దాన్ని పది మీటర్ల దూరం నుంచి, ఒంటి చేత్తో, ఏ ఆసరా లేకుండా కొట్టాలి. పోటీలో 75 నిమిషాల్లో 60 షాట్లు.

ఇక ఎంపిక. స్కూలు బూట్లు "వచ్చే ఏడాదికి కూడా సరిపోతాయిలే" అని ఒక సైజు పెద్దవి కొంటాం. పిస్టల్ పిడి దగ్గర ఆ లెక్క పనికిరాదు. అరచెయ్యి కదలకుండా చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం తిన్నగా ట్రిగ్గర్ మీదకి రావాలి. తర్వాత బరువు చూడాలి. నిబంధనలు 1,500 గ్రాముల వరకు ఒప్పుకుంటాయి, కానీ సన్నటి భుజానికి తేలికైన, పొట్టి మోడలే మేలు. ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు మోయాలి. కుడిచేతి వాటం పిల్లల్లో కొందరికి ఎడమ కన్ను బలంగా ఉంటుంది, అదీ పరీక్షించాలి. సెకండ్ హ్యాండ్‌లో కొంటే గాలి సిలిండర్ మీద ముద్రించిన గడువు తేదీ చూడండి.

ఇవన్నీ తేలాలంటే పిల్లలు కొన్ని నెలలు క్లబ్ పిస్టల్‌తో నిలబడాలి. "పదిమంది వాడేదానితో మా బాబు ఎలా ఎదుగుతాడు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే మొదటి నెలల్లో నేర్చుకునేది నిలబడటం, ఊపిరి పట్టడం, పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కడం. వీటికి క్లబ్ పిస్టల్ చాలు. స్కోరు నిలకడగా వచ్చాక, కోచ్ చెప్పాక కొనండి.

మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో 13 ఏళ్లకే సీనియర్ జాతీయ చాంపియన్ అయింది కదా, మనం ఆలస్యం చేస్తున్నామేమో అన్న తొందర కూడా ఉంటుంది. తొందర సాధనలో ఉండాలి, కొనుగోలులో కాదు. విదేశీ మ్యాచ్ పిస్టల్ ధర లక్ష దాటుతుంది. అంత పెట్టి కొన్నాక, పాపకు ఆట నచ్చకపోతే ఆ మాట మనకు చెప్పగలదా? "ఇంత డబ్బు పోశాం" అన్న మాట ఆ చేతిని వణికిస్తుంది. ఎంత మంచి పిస్టలైనా మొరాయించవచ్చు కూడా. 2021లో టోక్యోలో పోటీ మధ్యలో మను పిస్టలే పాడైంది. ఆమె ఫైనల్‌కి చేరలేకపోయింది. మూడేళ్ల తర్వాత పతకాలు తెచ్చింది సాధనే.

కొన్నాక ఇంట్లో తాళం వేసి పెట్టండి, పెల్లెట్లు వేరేచోట ఉంచండి. ఖాళీదైనా సరే, మనిషి వైపు గురిపెట్టనివ్వకండి. వాట్సాప్ స్టేటస్ కోసం ఫొటోలు అసలే వద్దు.

పిస్టల్‌కి ముందు పిల్లలకు కావాల్సింది సమయం. వారానికి మూడు సాయంత్రాలు ఇవ్వగలమా? ఈ ప్రశ్న మీకు మాత్రమే కాదు, స్టడీ అవర్లు పెట్టే మాకూ వర్తిస్తుంది. రేంజ్‌కి వెళ్లే పిల్లలకు ఆ మేరకు వెసులుబాటు ఇవ్వాలని నేను మా స్టాఫ్ మీటింగ్‌లో అడుగుతాను. మీరు ఈలోగా ఒక శనివారం పాపను రేంజ్‌కి తీసుకెళ్లి, క్లబ్ పిస్టల్ చేతికిచ్చి చూడండి.