చీటీలో లేని సంగతి

ఉగాది మరునాడు పొద్దున్నే మా బావగారు మా యింటికి దయచేశారు. చేతిలో పన్నెండు పేజీల రక్తపరీక్ష కాగితాలు. కాఫీ గ్లాసు అందుకోకముందే వాటిని మా ముందర పరచి, "చూడవోయ్, ఒక్కటంటే ఒక్క అంకె హద్దు దాటలేదు. ఇక ఆ బి.పి. మాత్ర దేనికి? నేటితో దానికి సెలవు!" అన్నారు. ఆ మాత్ర ఆయన ఆరు నెలలుగా గుర్తు వచ్చిన రోజున మాత్రమే వేసుకొంటున్నారన్నది వేరే సంగతి.

మేము గుమాస్తాలము. కాగితం మీద అంకె సరిపోతే లోకమంతా సరిగ్గానే ఉన్నదని నమ్మే జాతి. చక్కెర, మూడు నెలల చక్కెర సగటు, కొలెస్టరాలు, మూత్రపిండాల సంగతి చెప్పే క్రియాటినిన్, ఒంటిలో వాపు ఉంటే పెరిగే సి.ఆర్.పి. — అన్నీ వరుసగా చదివాము. అన్నీ హద్దులోనే ఉన్నవి. అయితే ఆఖరి పేజీ అడుగున ఎవరో కలంతో చిన్నగా వ్రాసి ఉంచారు: 164/72.

"ఇదేమిటి బావగారూ?"

"అదా? నాకు అరవై రెండు వచ్చాయి గదా. వయసుకి నూరు కలుపు. రెండే ఎక్కువ!"

ఈ కూడిక మన యిళ్లలో అందరికీ కంఠస్థమే. లోపల గదిలోంచి అక్కయ్య, "మావగారికీ ఇదే లెక్క చెప్పేవారు" అన్నది. ఆయన అరవై ఆరో యేట పక్షవాతంతో మంచాన పడి నాలుగేళ్లు మాట లేకుండా ఉన్నారు. ఆ పిమ్మట బావగారు కాఫీ తాగారు గాని మాట్లాడలేదు.

ఆదివారంనాడు ఇద్దరమూ కలిసి డాక్టరుబాబు వద్దకు వెళ్లాము. ఆయన ఒరియా పెద్దమనిషి. మా బరంపురంలో సగం తెలుగిళ్ల నాడి ఆయన చేతిలోనే ఉన్నది. పన్నెండు పేజీలూ ఓపికగా తిరగవేసి, "పై అంకెలోంచి కింది అంకె తీసెయ్యండి" అన్నారు. తీసివేత మా వృత్తి గనుక వెంటనే చెప్పాము: తొంభై రెండు. పడుచువారిలో ఇది నలభైకి అటూ యిటూ ఉంటుందట. పెద్దవయసులో అరవై దాటిందంటే పెద్ద ధమని బిరుసెక్కిందని అనుమానించవలసిందేనట.

"నరాలు బిగుసుకొన్నాయంటారు" అన్నారు బావగారు. మన భాషలో ఇదొక చిక్కు. ధమనీ నరమే, సిరా నరమే, మెదడునుంచి వచ్చే తంతువూ నరమే. ఇక్కడ చెడినది గుండెనుంచి బయలుదేరే పెద్ద గొట్టం. గుండె కొట్టినప్పుడు అది కొంచెం ఉబ్బి ఆ దెబ్బను తనలో దాచుకొని, తరువాత మెల్లగా వదులుతుంది. రోజుకు లక్షసార్లు! అందులోని సాగే పోగులు చాలావరకు చిన్నతనంలోనే తయారవుతాయి. తెగితే మళ్లీ మునుపటిలా నేయడం శరీరానికి చేతకాదు. పాత సైకిలు ట్యూబు చూడలేదూ? గాలి పడుతుంది, పట్టు మాత్రం పోతుంది. అట్టి గొట్టం ఉబ్బదు గనుక పై అంకె పెరుగుతుంది. తిరిగి ముడుచుకోదు గనుక కింది అంకె తగ్గుతుంది. కింది అంకె చూసి "బాగానే ఉంది" అని మురిసేవారు ఇది గమనించాలి. గొట్టం మింగవలసిన దెబ్బ సరాసరి మెదడులోని, మూత్రపిండాలలోని సన్నని నాళాలకు పోతుంది.

బిరుసును కొలిచే పద్ధతి ఉన్నది. మెడ దగ్గరి నాడినీ తొడ మొదట నాడినీ చూసి, అల ఎంత వేగంగా పోయిందో లెక్కకడతారు. గొట్టం ఎంత బిరుసైతే అల అంత వేగం. ఈ సూత్రం 1878 నాటిది. పడుచువారిలో సెకనుకు ఆరు మీటర్లు. పది దాటితే జాగ్రత్త పడాలంటారు. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్లో 1948 నుంచీ జనాన్ని కనిపెట్టి చూస్తున్న వైద్యులు, ఈ వేగం ఎక్కువైన వారికే మున్ముందు గుండెజబ్బులు ఎక్కువని 2010లో తేల్చారు.

మరి రక్తం ఈ సంగతి చెప్పదా? కొంత చెబుతుంది. చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువైతే అది గొట్టపు పోగులకు పాకంలా అంటుకొని వాటిని ఒకదానికొకటి కట్టిపడేస్తుంది. సి.ఆర్.పి.కి గూడా బిరుసుతో కొంత పొత్తు ఉన్నది. కాని 2009లో లండనులో ఇద్దరు పరిశోధకులు అంతవరకు జరిగిన పరిశీలనలన్నీ క్రోడీకరించి చూస్తే, గట్టిగా నిలబడినవి వయస్సు, రక్తపు పోటు, ఈ రెండే. చక్కెరవ్యాధి సగం చోట్ల కనబడింది. కొలెస్టరాలు చాలాచోట్ల లెక్కలోకే రాలేదు. అంటే కొలెస్టరాలు మంచిదని కాదు సుమండీ! అది గొట్టం పూడిపోయే జబ్బుకు కారణం. ఇది గొట్టం బిగిసే జబ్బు. రక్తపు చీటీ మా ఆఫీసులో ఆవకజావక పుస్తకం వంటిది. ఏ కాగితం వచ్చిందో చెబుతుంది గాని, బీరువా అడుగు చెదలు పట్టిందో లేదో చెప్పదు.

దీనికి సాక్ష్యం మన తెలుగు పల్లెలలోనే ఉన్నది. 1987 నుంచి 1990 వరకు హైదరాబాదు చుట్టుపక్కల కొన్ని గ్రామాలలో గర్భిణులకూ ఆరేళ్లలోపు పిల్లలకూ రోజూ అదనపు ఆహారం పెట్టారు. మరికొన్ని గ్రామాలలో అప్పటికింకా ఆ పథకం రాలేదు. ఆ పిల్లలు పదమూడు, పద్దెనిమిదేళ్ల మధ్యకు వచ్చాక మొత్తం 29 గ్రామాలలో 1,165 మందిని పరీక్షించారు. ఫలితం 2008లో అచ్చయింది. ఆహారం అందిన ఊళ్ల పిల్లలు 14 మిల్లీమీటర్ల పొడుగు. ఇన్సులిన్ వారి ఒంట్లో మెరుగ్గా పనిచేస్తున్నది. ధమనుల బిరుసును సూచించే అంకె గూడా తక్కువ. చిత్రమేమంటే రక్తంలో కొవ్వుల లెక్కలోగాని, పోటులోగాని చెప్పుకోదగ్గ తేడా లేదు! తల్లి కడుపులో ఉన్నప్పుడు తిన్న ముద్ద పదిహేనేళ్లకు గొట్టంలో కనబడింది, కొలెస్టరాలు చీటీలో కనబడలేదు. మేము ఆఫీసులో ఈ సంగతి చెబితే, కొత్తగా పెళ్లయిన గుమాస్తా ఒకడు ఆ సాయంత్రమే పాలపొడి కొని ఇంటికి పోయాడు.

ఇంత చెప్పాక డాక్టరుబాబు, "అయితే అరవై దాటాక చేసేదేమీ లేదనుకోకండి" అన్నారు. 1991లో అమెరికాలో అరవై దాటిన 4,736 మందిపై ఒక పరీక్ష ముగిసింది. అందరికీ పై అంకె 160 లేక అంతకన్న ఎక్కువ, కింది అంకె తొంభైలోపు. అచ్చంగా మా బావగారి వంటివారు! సగంమందికి క్లోర్‌తాలిడోన్ అనే చవక మాత్రతో మొదలుపెట్టి వైద్యం చేశారు. వారిలో పక్షవాతం మూడోవంతుకు పైగా తగ్గింది. "మీ నాన్నగారి కాలంలో ఇంత రుజువు లేదు" అన్నారు డాక్టరుబాబు. బావగారు చొక్కా జేబులోంచి మందుల చీటీ తీసి, మాత్ర పేరు ఇంకొకసారి చదివించుకొన్నారు.

పోతే ఉప్పు. రోజుకు అయిదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అప్పడాలకూ ఊరగాయలకూ పేరుపడ్డ ఊళ్లో కాపురముంటూ ఈ మాట వినడం మాకు గూడా కష్టంగానే ఉన్నది. అక్కయ్య ఆవకాయ జాడీని అటక ఎక్కించింది.

ఇప్పుడు బావగారు ప్రతి ఆదివారమూ అయిదు నిమిషాలు కదలక కూర్చొని పోటు చూసుకొని, రెండు అంకెలూ వాటి మధ్య తేడా పాత పద్దుపుస్తకంలో ఎక్కిస్తున్నారు. కిందటివారం 146/74. "ఇంకా డెబ్భై రెండు బాకీ ఉందోయ్" అన్నారు. మాత్ర తప్పడం లేదు. అప్పడం విషయంలో మాత్రం మంతనాలు సాగుతున్నవి. రెండు నుంచి ఒకటికి దిగారు, దాన్ని సగం చెయ్యమని అక్కయ్య పట్టు.