కాశీ వెళ్ళండి, కానీ ఘాట్ రోడ్డు పగలే ఎక్కండి



దసరా వెళ్ళేక కోతలకి ముందు మనకి ఓ పదిహేను రోజులు ఖాళీ దొరుకుతుంది. కాశీ ప్రయాణాలు అప్పుడే మొదలవుతాయి. రైలు టికెట్లు దొరక్క, ఇప్పుడు పది పన్నెండుమంది కలిసి వ్యాను మాట్లాడుకుని రోడ్డు మీదే వెళ్తున్నారు. మంచిదే. కానీ అందరూ ఒకటే పని చేస్తున్నారు. రాత్రి అన్నం తినేసి బండెక్కి పడుకోవడం, తెల్లారేసరికి జగదల్‌పూర్‌లో టీ తాగడం. "ఒక రోజు కలిసొచ్చింది" అంటారు. కలిసి రాలేదు, పోయింది అంటాను నేను. దారి మొత్తంలో రైతు కళ్ళు తెరుచుకుని చూడాల్సిన రోజు అదే.

కిందటేడు మేం వెళ్ళినప్పుడు డ్రైవర్ కుర్రాడు "రాత్రి తొమ్మిదికి బయల్దేరదాం బాబాయ్, రోడ్డు ఖాళీగా ఉంటాది" అన్నాడు. మావాళ్ళదీ అదే మాట. నేను ఒప్పుకోలేదు. తెల్లవారుజామున నాలుక్కి ఆమదాలవలసలో బయల్దేరి రాజాం, బొబ్బిలి, రామభద్రపురం మీదుగా ఎండ ముదరకముందే సాలూరు చేరేం.

సాలూరంటే మనకి లారీలే గుర్తొస్తాయి. ఊరిని ఆనుకుని పారే వేగావతిని ఎంతమంది గమనించేరు? పాచిపెంట కొండల్లో పుట్టిన ఆ ఏరు సువర్ణముఖితో కలిసి, వంగర మండలం సంగాం దగ్గర మన నాగావళిలో పడుతుంది. శివరాత్రికి సంగాం వెళ్ళి స్నానం చేసొస్తాం. ఆ నీరే కిందికొచ్చి నారాయణపురం ఆనకట్ట దగ్గర మన కాలవల్లోకి తిరుగుతుంది. కాలవ శివారుకి నీరు రాలేదని ఏటేటా పోట్లాడుకుంటాం గానీ, ఆ నీరు ఏ కొండ మీంచి వస్తోందో నా అరవై ఏళ్ళకి ఆ పొద్దు చూసేను.

సాలూరు దాటేక ఘాట్ మొదలు. మలుపు తిరిగినప్పుడల్లా మన మైదానం కిందికి వెళ్ళిపోతుంటాది. సుంకి దగ్గర ఒడిశా. పొట్టంగి వైపు దేవమాలి కొండ, 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తు. కొరాపుట్ చేరేసరికి నీటి లెక్క మారిపోతుంది. అక్కడ పడ్డ వాన కొలాబ్‌లోకి వెళ్ళి, కింద శబరి అయి, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఒకే కొండల వరస, ఇటు జారిన నీరు మనకి, అటు జారింది గోదావరికి. మధ్యాన్నం జగదల్‌పూర్‌లో కనిపించే ఇంద్రావతిదీ అలాంటి కథే. అదీ మన నాగావళీ ఒక్క కలహండి జిల్లాలోనే పుట్టేయి. సాయంత్రం కేశ్‌కాల్ ఘాట్ దిగితే మహానది నీరు. ఒక్క పగటిలో మూడు నదుల భూములు దాటుతాం. రాత్రి పడుకున్నవాడికి ఇవన్నీ ఒకటే చీకటి.

ఇంక పొలాలు. కొరాపుట్ లోయల్లో గెడ్డ వెంబడి మెట్లు మెట్లుగా వరి మళ్ళు. పైన మెట్టు మీద చోళ్ళు, పక్కన పచ్చగా వలిసె పూలు. ఈ పాత సేద్యాన్ని కాపాడుకోవాల్సిన వారసత్వంగా ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో గుర్తించింది. ఒడిశా ప్రభుత్వం 2017లో మిల్లెట్ మిషన్ మొదలుపెట్టింది, మద్దతు ధరకి చోళ్ళు కొంటోంది. మన మెట్టల మీద కూడా చోళ్ళు, గంటెలు ఉండేవి కదా. మానేసేం. ఇప్పుడు షుగరొచ్చి, డాక్టరు చెప్తే చోడిపిండి దుకాణంలో కొంటున్నాం.

ఒకచోట బండి ఆపి మడి దగ్గరికి వెళ్ళేను. పై మడి గట్టుకి మడవ దగ్గర ఒక రాయి పెట్టి ఉంది. ఆ ఎత్తు దాటిన నీరు దానంతటదే కింది మడికి జారిపోతోంది. రాయి ఎవరూ కదపరంట. చిన్న సంగతే. మా కింది మడివాళ్ళకీ మాకూ ప్రతి ఏడూ ఆ మడవ దగ్గరే తగువు. ఇంటికొచ్చేక ఇద్దరం కూర్చుని ఎత్తు ఒప్పుకుని మేమూ రాయి పెట్టేం. ఈ ఏడు మాటామాటా రాలేదు.

"పొలాలు చూడ్డానికి కాశీ దారి పట్టాలా? ఇక్కడ లేవా?" అంటారు. మన పొలం మనకి అలవాటైపోతుంది. వేరేవాళ్ళది చూస్తేనే మనది కనిపిస్తుంది. ఖర్చు మాట నిజమే, కాంకేర్‌లో ఒక రాత్రి గది అద్దె మాకు ఎక్కువైంది. మా అమ్మకి మలుపులకి వాంతులు కూడా అయ్యేయి. రెండుచోట్ల ఆపి, కాస్త గాలి తగిలేక కదిలేం. రాత్రయితే అంత లారీల మధ్య ఎక్కడ ఆపుతాం? పైగా నిద్రమత్తులో డ్రైవరు ఘాట్ ఎక్కుతుంటే పన్నెండు ప్రాణాలు వాడి రెప్పల మీద ఉన్నట్టే.

ఇంకో సంగతి. విశాఖ నుంచి రాయ్‌పూర్‌కి 464 కిలోమీటర్ల ఆరు లైన్ల కొత్త రోడ్డు వేస్తున్నారు. మన రాష్ట్రంలో భాగానికి 2022 నవంబర్‌లో విశాఖలో శంకుస్థాపన అయింది. పాతదాని కన్నా వంద కిలోమీటర్ల పైనే తగ్గుతుంది. సరుకు రవాణాకి మంచిదే, నేను కాదనను. దానికి పొలాలిచ్చిన రైతులు మన పక్క జిల్లాల్లోనే ఉన్నారు. కానీ అలాంటి రోడ్డు మీద నచ్చినచోట బండి ఆపి మడి గట్టు మీదికి వెళ్ళడం కుదరదు. అందరూ అటు మళ్ళిపోకముందే ఈ పాత దారి ఒక్కసారి పగలు చూడండి.

వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు. డ్రైవర్‌తో ముందే మాట్లాడుకోండి, రాత్రి వాడు నిద్రపోవాల. నాలుక్కి బయల్దేరితే చీకటి పడకముందే కేశ్‌కాల్ దిగిపోవచ్చు. ఘాట్ ఏ గేరులో ఎక్కేరో ఆ గేరులోనే దిగాల, ఊరికే బ్రేకు తొక్కితే వేడెక్కి పట్టదు. అడక్కుండా ఎవరి మడిలోకీ దిగకండి. కొండల మీద ప్లాస్టిక్ పారేయకండి, ఇటువైపు పారేసింది వానకి మన కాలవలోకే వస్తుంది. పిల్లల్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఏ నీరు ఎటు పోతోందో చెప్పండి.

గంగకి దణ్ణం పెట్టడానికి అంత దూరం వెళ్తున్నాం. మన నాగావళికి నీళ్ళిచ్చే కొండల మీంచి వెళ్ళేటప్పుడు కనీసం మెలకువగా ఉందాం.