ఒక మనిషికి ఒక కత్తి



ఈసారి మా మాట గడ్డం గురించి. "నర్సమ్మలకు గడ్డంతో పనేమిటి?" అని నవ్వకండి. మంచం పట్టిన పెద్దవాళ్ళకు, పక్షవాతంతో చెయ్యి పడిపోయినవాళ్ళకు, ఆపరేషన్‌కు వెళ్ళేవాళ్ళకు గడ్డాలు గీసి గీసి, ఏ బుగ్గ మీద వెంట్రుక ఎటు వాలుతుందో మా చేతులకు బాగా తెలుసు.

ఈమధ్య బీపీ చూపించుకోవడానికి ఒక రిటైర్డ్ మాష్టారు వచ్చారు. గడ్డం కింద చిన్న దూది ముక్క అంటించుకుని ఉన్నారు. ఏమైందండీ అంటే సిగ్గుపడుతూ చెప్పారు. వాళ్ళ నాన్నగారి పాత పెట్టెలో గడ్డం గీసుకునే మడత కత్తి దొరికిందట. ఊళ్ళో ఒక ముసలి క్షురక వృత్తిదారుడి దగ్గర కూర్చుని, సాన పట్టించి, పట్టుకోవడం నేర్చుకున్నారట. "నలభై ఏళ్ళుగా రెండు నిమిషాల్లో గీసిపారేసేవాణ్ణి సిస్టర్. ఇప్పుడు ఇరవై నిమిషాలు పడుతోంది. కానీ ఆ ఇరవై నిమిషాలూ నావి" అన్నారు. పక్కనున్న వాళ్ళావిడ ఊరుకోలేదు. "కాఫీ చల్లారిపోతోందని నేను కేకలు వేస్తుంటే ఈయన అద్దం ముందు తపస్సు చేస్తుంటారమ్మా! ఇదేమైనా మంచిదేనా, మీరే చెప్పండి" అంది. అప్పటికప్పుడు ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాం. అందుకే ఇది రాస్తున్నాం.

ముందు మాష్టారి పక్షం చెబుతాం. ఆ సుఖం నిజమైనదే. కత్తి పట్టేముందు గోరువెచ్చని నీళ్ళతో ముఖం కడిగి, తడిగుడ్డ రెండు మూడు నిమిషాలు వేసి ఉంచాలి. నీళ్ళు పీల్చుకున్న వెంట్రుక మెత్తబడి తేలిగ్గా తెగుతుంది. సబ్బును బ్రష్షుతో చిక్కటి నురుగు చేసి పట్టించాలి. కత్తిని తోలు పట్టీ మీద, వెన్ను ముందు అంచు వెనక ఉండేటట్టు, అటూ ఇటూ తిప్పి లాగాలి. ఒక చేత్తో చర్మం బిగలాగి పట్టుకుని, బుగ్గకు సుమారు 30 డిగ్రీల వాలులో, వెంట్రుక మొలిచిన దిశలోనే నెమ్మదిగా దించాలి. ఇందులో ఏదీ తొందరపడి చేసేది కాదు. చేతిలో కత్తి ఉండగా సెల్‌ఫోన్ ఎత్తలేం, ఇంకొకరి మీద అరవలేం. రోజులో అంత నెమ్మదిగా, అంత శ్రద్ధగా చేసే పని మనలో చాలామందికి ఇంకొకటి లేదు.

చర్మానికీ కొంత మేలుంది. మూడు నాలుగు బ్లేడ్లున్న రేజర్లు వెంట్రుకను చర్మమట్టానికి కిందగా కోస్తాయి. ఉంగరాల గడ్డం ఉన్నవారికి ఆ కొసలు లోపలికే మొలిచి కురుపులవుతాయి. ఒకే అంచు ఉన్న కత్తితో, వాలు ప్రకారం గీసుకుంటే ఈ బాధ తక్కువ. ఖర్చు సంగతీ ఉంది. 1903లో అమెరికాలో జిల్లెట్ కంపెనీ పారేసే బ్లేడ్లు అమ్మడం మొదలుపెట్టింది. అప్పటినుంచి గడ్డం గీసుకోవడమంటే కొనడం, పారేయడం అయిపోయింది. మంచి ఉక్కు కత్తి చూసుకునేవాడుంటే తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. విరిగిన బ్లేడు చెత్తలో పడి పారిశుద్ధ్య కార్మికురాలి చెయ్యి కోసే బాధా ఉండదు.

ఇక మా పక్షం. ఇది చెప్పడానికి మాకు కొంచెం కష్టంగానే ఉంటుంది.

మేము ట్రైనింగ్‌లో ఉన్న రోజుల్లో ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం రోగి పొట్టను రేజరుతో నున్నగా గీసి పెట్టడం పెద్ద పని. ఒక్క వెంట్రుక మిగిలినా సీనియర్ సిస్టర్ చేత చీవాట్లు తినేవాళ్ళం. నున్నగా ఉంటే శుభ్రంగా ఉన్నట్టే అనుకున్నాం. నిజం అది కాదు. కంటికి కనిపించని చిన్న చిన్న గాట్లు పడి, రాత్రికి రాత్రి వాటిలో సూక్ష్మక్రిములు పెరుగుతాయి. కెనడాలోని కాల్గరీలో పదేళ్ళపాటు సుమారు 63 వేల ఆపరేషన్ గాయాలను గమనించి 1980లో ఫలితాలు ప్రచురించారు. రేజరుతో గీసినవారిలో నూటికి 2.5 మందికి గాయం చీము పట్టింది. వెంట్రుకలు అసలు తియ్యనివారిలో అది 0.9 మాత్రమే. అవసరమైతే తప్ప వెంట్రుకలు తియ్యవద్దని అమెరికా సీడీసీ 1999లో చెప్పింది. తియ్యక తప్పకపోతే క్లిప్పరే వాడాలని, రేజరు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో గట్టిగా చెప్పింది. శుభ్రం పేరుతో మేమే ఎందరి గాయాలకు దారి తెరిచామో దేవునికే తెలుసు. అందుకే ఇప్పుడు ఎవరైనా ఆపరేషన్ ముందు "ఇంట్లో గీసుకొచ్చాను సిస్టర్" అంటే మేము సంతోషించం. దయచేసి గీసుకుని రాకండి.

అంటే కత్తి చెడ్డదనా? కాదు. ఎంత బాగా గీసినా చర్మం మీద తలుపు కొంచెం తెరుచుకుంటుందని అర్థం. ఆరోగ్యవంతుడి బుగ్గ ఆ తలుపును తానే మూసుకుంటుంది. ఆ తలుపులోంచి ఏం లోపలికి వెళుతుందన్నదే అసలు ప్రశ్న. అక్కడే మా షరతు వస్తుంది: ఒక మనిషికి ఒక కత్తి.

హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో కూడా కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. కంటికి కనిపించనంత రక్తం చాలు. గ్లాసు నీళ్ళలో నాలుగు చుక్కల డెట్టాల్ వేసి ముంచి తీస్తే అది చావదు. పోనీ రోజూ మరగబెడదామంటే పాత కత్తి కొమ్ము పిడి చెడిపోతుంది, అంచు మొద్దుబారుతుంది. ఇంట్లో శుద్ధి చెయ్యడానికి వీలుకాని వస్తువు కాబట్టే అది ఒక్కరిదే కావాలి. అన్నదమ్ములైనా, తండ్రీకొడుకులైనా ఒకే కాలంలో ఒకే కత్తి వాడకూడదు. మాష్టారి నాన్నగారి కత్తి ఏళ్ళ తరబడి పెట్టెలో ఎండి ఉంది కాబట్టి దాని మీద వైరస్ భయం లేదు. తుప్పు వదిలించి, సాన పట్టిస్తే చాలు.

కత్తితోపాటు మిగతా సరంజామా కూడా అంతే. పటిక చిన్న గాటు నెత్తురు ఆపుతుంది. కానీ సెలూన్లో పదిమంది గడ్డాల మీద రుద్దిన పటిక ముక్క పదిమంది నెత్తురూ తాకినదే. బ్రష్షు సంగతి వినండి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సరిగా శుద్ధి చెయ్యని గుర్రపు వెంట్రుకల బ్రష్షుల వల్ల ఇంగ్లండులో, అమెరికాలో మగవాళ్ళకు ముఖం మీద ఆంత్రాక్స్ పుండ్లు వచ్చాయి.

సెలూన్‌కు వెళ్ళేవారు కొత్త బ్లేడు మీ కళ్ళ ముందే కాగితం విప్పి కత్తికి పెట్టమని అడగండి. అడగడానికి మొహమాటపడకండి. మన సోదరులు చాలామంది అడగకుండానే మారుస్తున్నారు. వారి వేళ్ళకూ గాట్లు పడతాయి, వారికీ ఆ ప్రమాదం ఉంది. హెపటైటిస్ బి టీకా 2011 నుంచి దేశమంతటా పిల్లల టీకాల కార్యక్రమంలో ఉంది. అంతకుముందు పుట్టినవారిలో చాలామందికి పడలేదు. గడ్డాలు గీసే వృత్తిలో ఉన్నవారు మూడు డోసులూ తప్పక వేయించుకోవాలి.

కొందరికి మాత్రం ఈ కత్తి వద్దని చెబుతాం. రక్తం పలచబడే మందులు వాడేవారు, చెయ్యి వణికేవారు, శుక్లాలతో చూపు మసకబారినవారు, ముఖం మీద మొటిమలు, చీముగడ్డలు ఉన్నవారు దాన్ని ముట్టవద్దు. షుగరు ఉన్నవారు డాక్టరుగారిని అడిగి మొదలుపెట్టండి. గాంధీగారిని ప్రభావితం చేసిన అమెరికా రచయిత థోరో పేరు మీరు వినే ఉంటారు. ఆయన అన్న జాన్ తోలు పట్టీ మీద కత్తి తిప్పుతూ వేలు కోసుకున్నాడు. చిన్న గాటే. కొద్ది రోజుల్లోనే, 1842 జనవరిలో, ధనుర్వాతంతో చనిపోయాడు. అప్పటికి దానికి టీకా లేదు. ఇప్పుడుంది. చివరి డోసు పడి పదేళ్ళు దాటితే మళ్ళీ వేయించుకోండి.

వాడిన కత్తిని కడిగి, పూర్తిగా తుడిచి, ఆరబెట్టి, తేలికపాటి నూనె రాసి, పిల్లలకు అందని చోట పెట్టండి. వానాకాలంలో, సముద్రం దగ్గరి ఊళ్ళలో ఒక్క రాత్రి తడిగా వదిలేసినా తుప్పు పడుతుంది.

ఇంతకీ మాష్టారి భార్యకు మా జవాబు: మంచిదేనమ్మా. ఆయన బీపీ మాత్రలు మానలేదు, చెయ్యి వణకడం లేదు, కత్తి ఆయన ఒక్కరిదే. కాఫీ కాస్త ఆలస్యంగా కలపండి.

కీర్తనకారుడు 52వ కీర్తనలో మోసం చేసే నాలుకను వాడిగల మంగలకత్తితో పోల్చాడు. ఆ పోలిక మాకు బాగా అర్థమవుతుంది. వాడి అంచు ఉన్నది ఏదైనా తొందరపాటు మనిషి చేతిలో గాయమే చేస్తుంది. రోజూ ఉదయం ఇరవై నిమిషాలు చెయ్యి నిదానించడం నేర్చుకున్నవాడు, ఆ తరువాత ఇంట్లోవాళ్ళతో మాట్లాడేటప్పుడు నాలుకను కూడా నిదానిస్తే, ఆ కత్తికి పెట్టిన ఖర్చు వృథా కాదని మా అభిప్రాయం.

దేవుడు మిమ్మల్ని, మీ కుటుంబాలను ఆరోగ్యంతో కాపాడును గాక.