నాలుగో పరుపు ఎవరికి?



పోయిన వారం మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో తిరిగింది. చిన్న ఇంట్లో సామాను సర్దుకునే ఉపాయాలట. మంచం కింద సొరుగులు, తలుపు వెనక సంచులు, కిటికీ మీద అటక. "మాషా అల్లాహ్, ఏం తర్కీబ్!" అని అందరూ మెచ్చుకున్నారు. మా భాభీ వడ్రంగిని పిలిపించింది కూడా. నాకు మాత్రం కోపమొచ్చింది.

వేంపల్లెలో మా దాదీమా ఉన్న మట్టిమిద్దెలో గోడకు తాఖ్, దూలానికి ఉట్టి, బట్టలకు దండెం, ఈద్ జోళ్లకు ఒక సందూఖ్. తాఖ్‌లో పట్టినంతే సామాను. తర్వాత స్లాబు ఇళ్లొచ్చాయి, కడప బండలతో నిలువెత్తు అరలు లేచాయి. అరలు నిండాయి, అటక నిండింది. ఇప్పుడు మంచం కడుపు కూడా నింపాలంట!

ఏముంది ఆ అటక మీద? నా నిఖాకు వచ్చిన జహేజ్. పేర్లు చెక్కించిన స్టీలు బిందెలు, రాగి దేగ్, ఎన్నడూ విప్పని రజాయిలు. కింద బీరువా, డబుల్ కాట్, అద్దాల బల్ల. ఇల్లేమో రెండు గదులు. అబ్బాకు ఫాలిజ్ వచ్చినప్పుడు ఆయన నులకమంచానికి లోపల జాగా దొరకలేదు. ఆఖరి చలికాలమంతా వసారాలోనే పడుకున్నాడు. లోపల బిందెలు వెచ్చగా ఉన్నాయి.

అప్పుడు నేనన్న మాట ఇదే: "మేం అడగలేదు, వాళ్లే ఖుషీగా ఇచ్చారు." ఆ ఖుషీ కోసం మా మామ ఎన్నేళ్లు ఖర్జ్ కట్టాడో తర్వాత తెలిసింది. ఇప్పుడు నా కూతురికి రిష్తా వచ్చింది. అబ్బాయి తరఫువాళ్లు నవ్వుతూ అన్నారు: "మాకేం వద్దు భాయ్, మీ ఖుషీ." నా మాటే నా గడపకు తిరిగొచ్చింది.

సహీ ముస్లింలో హజ్రత్ జాబిర్ (రజి.) రివాయత్ చేసిన హదీసొకటుంది. ఇంట్లో ఒక పరుపు మగనికి, ఒకటి భార్యకు, మూడోది మెహమాన్‌కు, నాలుగోది షైతాన్‌కు అని దాని సారాంశం. పిల్లలుంటే వాళ్లకూ కావాలి, నిజమే. అవసరం దాటి నుమాయిష్‌కు పెట్టుకున్నదాని గురించే ఆ మాట అని ఉలమా చెబుతారు. మనమేమో ఆ నాలుగో పరుపుకు సొరుగులున్న మంచం చేయిస్తున్నాం!

"ఉత్త చేతులతో పోతే సస్రాల్‌లో పిల్లకు ఇజ్జత్ ఉంటుందా?" అని అడుగుతారు. భాయియో, బెహనో, బిందెలతో వచ్చే ఇజ్జత్ బిందెలకే. కూతురి మీద ముహబ్బత్ ఉంటే విరాసత్‌లో ఆమె హిస్సా ఆమెకు రాసివ్వండి. సూరా నిసా చెప్పిన హక్ అది. ఇంటినిండా సామానిచ్చి, పొలం దగ్గరికొచ్చేసరికి "నీకు జహేజ్ ఇచ్చేశాం కదమ్మా" అని చెల్లెలి నోరు మూయించే అన్నలు మనలో ఎంతమంది? భూమిలో హిస్సాకు అటక అక్కర్లేదు. మెహర్ ఫర్జ్, అదీ ఇవ్వాల్సింది అబ్బాయి. జహేజ్ ఏ కితాబులో ఫర్జ్?

వడ్రంగిని వెనక్కి పంపమన్నాను, భాభీ అలిగింది. నేను, నా బీవీ అటక దించాం. రజాయిలు మదర్సా పిల్లలకు పోయాయి. దేగ్ మా గల్లీలో ఎవరింట్లో దావత్ అయితే వాళ్లింటికి పోతుంది.

రిష్తావాళ్లకు జవాబు కూడా చెప్పేశాను: పిల్ల వస్తుంది, తన హిస్సా కాగితం వస్తుంది. సామాను రాదు. వాళ్లింకా ఏమీ అనలేదు.