సిస్టర్ ఎందుకు వద్దందో అడిగారా?

వర్గల్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆమధ్య మా వార్డులో ఉన్నారు. నిమోనియా. ఇంకొన్ని రోజులు మందు నరంలోకే ఎక్కించాలి. చేతికి పెట్టిన సెలైన్ సూదికి మూడు రోజులు నిండాయి. ‘‘ఇంకెప్పుడు మారుస్తరు సిస్టర్? ఇన్‌ఫెక్షన్ అయితే ఎవరిది బాధ్యత?’’ అని కొడుకు గట్టిగానే అడిగాడు. సిస్టర్ చెయ్యి పట్టుకుని చూసింది. ఎర్రదనం లేదు, వాపు లేదు, నొక్కితే నొప్పి లేదు, మందు సాఫీగా వెళుతోంది. ‘‘బాగానే ఉంది, ఇప్పుడు మార్చే పని లేదు. రాత్రి డ్యూటీ సిస్టర్ మళ్లీ చూస్తుంది’’ అంది. అతను నేరుగా నా గదికి వచ్చి, ‘‘సార్, సిస్టర్ పట్టించుకుంటలేదు’’ అన్నాడు.

కొన్నేళ్ల క్రితమైతే నేనూ ఆమెనే మందలించేవాణ్ని. మూడు రోజులకోసారి సూది మార్చాలన్నది మేం చదువుకునే రోజుల నుంచీ ఉన్న నియమం. ఎవరు పెట్టారు, ఏం చూసి పెట్టారు అని మేమెవరం అడగలేదు. అడిగింది ఒక నర్సు. ఆస్ట్రేలియాలో నర్సింగ్ ప్రొఫెసర్ క్లేర్ రికార్డ్ బృందం క్వీన్స్‌లాండ్‌లోని మూడు ఆస్పత్రుల్లో 3,283 మంది రోగులను చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకి మూడో రోజు సూది మార్చారు. రెండో గుంపుకి అవసరమైతేనే మార్చారు. నరం వాచి నొప్పి పుట్టడం రెండు గుంపుల్లోనూ 7 శాతమే. 2012లో ‘లాన్సెట్’ పత్రిక ఆ ఫలితాలను అచ్చువేసింది. అంటే బాగున్న సూదిని పీకి ఇంకోచోట పొడవడం వల్ల రోగికి దక్కేది అదనపు పోటు ఒక్కటే.

మా వార్డులో గురువారం మధ్యాహ్నం డ్యూటీలు మారే వేళ అరగంట కూర్చుని ఒక పరిశోధన పత్రం చదువుతాం. ఈ పత్రం తెచ్చిన రోజు ‘రేపటి నుంచి మూడో రోజు మార్పు బంద్’ అని చెప్పేద్దామనుకున్నా. ఒక సీనియర్ సిస్టర్ అడ్డుపడింది. ‘‘సార్, అక్కడ ఒక్కో సిస్టర్‌కి ఎంతమంది పేషెంట్లు? రాత్రి మేం ఇద్దరమే ఉంటాం. సూది మార్చకుండా, రోజూ చూడకుండా వదిలేస్తే అదే ఫలితం మనకూ వస్తదా?’’ నా దగ్గర జవాబు లేదు. ఎండీ చదివిన నాకు తట్టని ప్రశ్న అది. చివరికి ప్రతి డ్యూటీలో సూది చోటు చూసి కేస్‌షీట్‌లో రాయాలని, అలా రాయగలిగితేనే పాత నియమం వదలాలని అనుకున్నాం. నర్సులకు పరిశోధనలు చదవడం నేర్పాలని నేను అంటున్నది ఇలాంటి ప్రశ్న కోసమే.

బీఎస్సీ నర్సింగ్‌లో పరిశోధన, గణాంకాలు ఒక సబ్జెక్టుగా ఉన్నాయి. చాలాచోట్ల అది ప్రాజెక్టు రాసి, అట్టవేయించి, మార్కులు తెచ్చుకోవడంతో సరి. ఉద్యోగంలో చేరాక ఒక పత్రం ముందు పెట్టి ‘దీన్ని నమ్మొచ్చా?’ అని అడిగేవారు ఉండరు. వర్గల్ సరస్వతి గుడిలో పిల్లల చేత అక్షరాలు దిద్దించి అక్కడితో చదువు అయిపోయిందనుకుంటామా?

ఒక ఉదాహరణ చూడండి. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను వెంటనే తల్లి గుండెలకు ఆనించి ఉంచితే మరణాలు 25 శాతం తగ్గాయని 2021లో ఐదు దేశాల అధ్యయనం తేల్చింది. మన దేశమూ అందులో ఉంది. అసలు అంకెలు చూస్తే, నూటికి సుమారు 16 మంది చనిపోయేచోట 12 మంది చనిపోయారు. అంటే వందలో నలుగురు దక్కారు. చిన్న సంగతి కాదు. కానీ ‘25 శాతం’ అన్నప్పుడు వందలో 25 మంది బతికారని వినిపిస్తుంది. పైగా ఆ బిడ్డలంతా ఒక కిలోకి, 1.8 కిలోలకి మధ్య బరువున్నవారు. ఇవన్నీ చదువుకున్న సిస్టర్, రెండున్నర కిలోల బిడ్డ తల్లికి ఈ అంకె చూపించి భయపెట్టదు.

మన రాష్ట్రానికి ఇది కొత్తేమీ కాదు. 2017లో ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఆస్పత్రి, యునిసెఫ్‌తో కలిసి కరీంనగర్‌లో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. కాన్పుకి ముందు ఎనిమా, షేవింగ్, అందరికీ కోత అలవాటుగా చేయనక్కర్లేదని, తోడుగా ఒకరిని ఉండనివ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. నొప్పుల గదిలో దాన్ని అమలు చేయాల్సింది ఎక్కువగా నర్సులే. ఎందుకో తెలియకుండా పాత పద్ధతి మానేయమంటే, పెద్ద డాక్టరు కసరగానే మళ్లీ పాతదానికే వెళ్తారు.

‘‘ఉన్న పనికే టైం లేదు, ఇదొకటా’’ అని మావాళ్లే అంటారు. నిజమే. అందుకే ఆ అరగంట డ్యూటీ టైంలోనే ఉండాలి. ఇంటికెళ్లాక చదువుకోమనడం అన్యాయం. పత్రాలన్నీ ఇంగ్లిష్‌లో ఉండటం ఇంకో ఇబ్బంది. మేం తెలుగులోనే మాట్లాడుకుంటాం, అంకెలు బోర్డు మీద వేసుకుంటాం.

మీ వంతు కూడా కొంత ఉంది. సిస్టర్ ఏదైనా వద్దంటే వెంటనే ‘డాక్టర్‌ని పిలవండి’ అనకండి. ‘ఏం చూసి చెప్తున్నారమ్మా?’ అని అడగండి. సరైన జవాబు రాకపోతే అప్పుడు మా దగ్గరికి రండి. సూది చోట మంట, ఎరుపు, వాపు కనిపిస్తే మొదటి రోజైనా సరే, వెంటనే చెప్పండి.

ఆ పెద్దాయన కొడుకుతో నేను, సిస్టర్ చెప్పిందే మళ్లీ చెప్పి, ఏమేం చూడాలో అతని చేత్తోనే తడిమించి చూపించాను. పూర్తిగా నమ్మినట్టు లేడు. మర్నాడు రాత్రి చెయ్యి కొంచెం ఎర్రబడటం ముందుగా గమనించింది అతనే. ఈసారి నా కోసం చూడలేదు, నేరుగా సిస్టర్‌కే చెప్పాడు. ఆమె సూది తీసేసి రెండో చేతికి పెట్టింది. పొద్దున రౌండ్స్‌కి వెళ్లేసరికి కేస్‌షీట్‌లో టైంతో సహా రాసి ఉంది.