అమెరికా సబ్సిడీ మనకు పనికొస్తదా?

గిట్టుబాటు ధర మీద ఎప్పుడు వీడియో పెట్టినా ఒక ప్రశ్న తప్పకుండా వస్తది: "అమెరికాలో ధర పడిపోతే సర్కారే తేడా డబ్బు వేస్తదట కదా అన్నా, మనకెందుకు వెయ్యరు?" అక్కడ వేస్తారు, నిజమే. ఏ లెక్కన వేస్తారో కూడా తెలుసుకుంటే మనం ఏం అడగాలో తెలుస్తది.

అయోవా రాష్ట్రంలో ఒక కౌంటీ అనుకోండి, మన జిల్లా లాంటిది. ఎటు చూసినా మొక్కజొన్న, సోయా. 2014 చట్టం మొక్కజొన్నకు బుషెల్‌కు, అంటే 25 కిలోల పైచిలుకుకు, 3.70 డాలర్లు అని రాసిపెట్టింది. 2016 పంటకు దేశ సగటు ధర 3.36 వచ్చింది. తేడా 34 సెంట్లు. రికార్డులో 100 ఎకరాలు, ఎకరాకు 120 బుషెళ్లు ఉన్న రైతు ఆ పథకం ఎంచుకుని ఉంటే, 85 ఎకరాలకు లెక్కగట్టి దాదాపు 3,470 డాలర్లు. చిన్న చిన్న కోతలు పక్కన పెడుతున్నా. అదీ పంట కోసిన మరుసటి ఏడు అక్టోబర్‌లో చేతికొస్తది. 2025లో ఆ 3.70ని 4.10కి పెంచారు.

ఇందులో అసలు సంగతి ఆ "రికార్డు". రైతు ఈ ఏడు ఏం వేశాడన్నది చూడరు. ఆ భూమి మీద పాత ఏళ్లలో ఏ పంట నమోదైందో అదే చూస్తారు. మొక్కజొన్న గింజ ఒక్కటి నాటకపోయినా మొక్కజొన్న డబ్బు పడుతుంది. అదే భూమిలో కూరగాయలో పండ్లో 15 శాతం దాటి పెట్టాడనుకోండి, సాధారణంగా దాటిన ఎకరాల మేరకు డబ్బు కోస్తారు! ఒక మడిలో కంది, పక్కన టమాటా, గట్టు మీద జామ పెట్టుకునే మనలాంటోళ్లకు ఆ చట్టంలో జాగా ఎక్కడ?

మన దగ్గర కూడా గుణం అదే. తెలంగాణలో 2024 వానాకాలం నుంచి సన్న వడ్లకు క్వింటాల్‌కు 500 బోనస్ ప్రకటించారు. మంచిదే, చాలా ఇళ్లకు ఆసరా అయింది. కానీ కొనుగోలు కేంద్రంలో పోస్తేనే బోనస్. నేను దేశవాళీ సన్నాలు మర పట్టించి నేరుగా ఇళ్లకు అమ్ముతా, నాకు రూపాయి రాదు. కేంద్రంలో పోసినా క్వింటాల్ లెక్కే కదా. ఎకరాకు 25 క్వింటాళ్లు తీసినోడికి 12,500, మందు కొట్టకుండా 16 తీసినోడికి 8,000. ఇక కొర్రలు, సామలు, అరికెలకైతే కేంద్రం మద్దతు ధర జాబితాలో పేరే లేదు. 2023ని ప్రపంచమంతా చిరుధాన్యాల ఏడాదిగా జరుపుకున్నా రాగి, జొన్న, సజ్జ దగ్గరే ఆగిపోయింది.

దీనికి యూరియా కలపండి. 45 కిలోల బస్తా రైతుకు 266.50కి వస్తది, మిగతా ఖర్చు సర్కారుది. ఎన్ని బస్తాలు చల్లితే అంత సబ్సిడీ. జీవామృతం కలిపే డ్రమ్ము దగ్గర ఆ లెక్క రాసేటోడు లేడు. డిప్లొమాలో మాకు ఎరువుల మోతాదులు నేర్పారు గానీ ఈ లెక్క ఎవరూ చెప్పలే.

అందుకే నేను అమెరికా పద్ధతి అడగను. క్వింటాల్‌ను వదిలి ఎకరాన్ని పట్టుకోమంటా. మందులు మానిన ఎకరాకు ఇంత, అందులో పప్పుధాన్యమో చిరుధాన్యమో కలిపితే ఇంకొంత, ఎక్కడ అమ్ముకున్నా సరే. రైతు భరోసా ఎకరా లెక్కనే వస్తుంది కాబట్టి దారి కొత్తదేం కాదు. కాకపోతే అది పట్టా ఉన్నోళ్ల ఖాతాలో పడుతుంది. మా చుట్టుపక్కల మందులు మానేసిన వాళ్లలో కౌలుకు చేసేటోళ్లు చాలామంది. ఎకరా డబ్బు యజమానికి పోయి, కౌలు కూడా పెరిగితే వాళ్లు మళ్లీ యూరియా బస్తాకే పోతారు. ఈ ముడి విప్పకుండా ఏ పథకం పెట్టినా నేను ఒప్పుకోను.

వచ్చే వీడియో కౌలు మీదే. మీ ఊళ్లో ఎకరా కౌలు ఎంత నడుస్తుందో, నీళ్లున్న భూమికి వేరుగా, మెట్టకు వేరుగా, కింద రాయండి.